శుక్రవారం గడ్డం

మా మామగారు పోయారు. ఎదురు టవరు కూడా కనిపించనంత పొగమంచు పట్టిన ఒక శుక్రవారం పొద్దున్న, నిద్రలోనే పోయారు. కాఫీ పట్టుకెళ్ళిన అత్తగారి పిలుపులో తేడా విని నేను పరుగెత్తాను, నా వెనకే మా ఆయన. కింది అంతస్తులో ఉండే డాక్టరు వచ్చి చూసి, ఆయన చెయ్యి మెల్లగా పక్కన పెట్టేసరికి మాకు అర్థమైంది. ఆ తర్వాత ఇక ఫోన్లే. కాకినాడ నుంచీ హైదరాబాదు నుంచీ చుట్టాలు, ఆయనతో పనిచేసిన పాత మిత్రులు, అందరూ అడిగింది ఒకటే: నిన్నటిదాకా బాగానే ఉన్నారా? కాస్త జ్వరం తప్ప బాగానే ఉన్నారని చెప్పాను. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చావు కబురుతో కలిపి చెప్పే మాట కాదది. ఆయన ముఖాన సోమవారం నుంచీ పెరిగిన గడ్డం ఉంది. ఆ గడ్డం తీసే పని నాది.

కోడలు మామగారికి గడ్డం గీయడమేమిటని మీకు అనిపించవచ్చు. మా అమ్మకీ అనిపించింది. అందుకే మొదటి నుంచీ చెబుతాను.

ఆయన కేంద్ర ప్రభుత్వంలో ఎల్డీసీగా, అంటే అన్నిటికన్నా కింది మెట్టు గుమాస్తాగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి అండర్ సెక్రటరీగా రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సర్కారు క్వార్టర్లలో ఉండి, తర్వాత ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో ఈ ఫ్లాటుకి వచ్చారు. ఢిల్లీ నీళ్ళు అంతకాలం తాగినా ఆయన హిందీకి గోదావరి యాస వదల్లేదు. సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్న ఒకే ఒక్క వ్యసనం గడ్డం గీసుకోవడం. బాల్కనీలో మేకుకి తగిలించిన అద్దం, పక్కన స్టూలు, స్టూలు మీద ఇత్తడి చెంబులో వేడినీళ్ళు, అందులో నానే బ్రష్షు. గిన్నెలో సబ్బు మీద ఆ బ్రష్షు తిప్పుతూ నురగ తీయడం మొదలుపెట్టారంటే, ఆఫీసులకు వెళ్ళేవాళ్ళంతా లిఫ్టు దిగిపోయినా ఆయన ఇంకా ఎడమ చెంప మీదే ఉండేవారు.

వైశాలి నీళ్ళకు సబ్బు నురగ రాదు, విరిగిన పాలలా అయిపోతుంది. అందుకని ఫిల్టరు నీళ్ళే కాచి ఇమ్మనేవారు. తాగే నీళ్ళతో గడ్డమేమిటండీ అని అత్తగారు రోజూ సణిగేవారు. సణుగుతూనే రోజూ కాచి ఇచ్చేవారు.

ఆయన దగ్గర రేజర్లు ఒక చిన్న ఆఫీసు నడపడానికి సరిపడా ఉండేవి. వాటికి హోదాలు కూడా ఆయనే ఇచ్చారు. బ్లేడు అంచు బాగా బయటికి కనిపించే బరువైన స్టీలు రేజరు డైరెక్టరుగారు. ఆయన దగ్గర పరాకుగా ఉంటే సంజాయిషీ అడగడు, నేరుగా రక్తమే అనేవారు. పిడి తిప్పితే తల రెండు రెక్కలుగా తెరుచుకునేది సెక్షనాఫీసరు. సబ్బులకైతే ఏటేటా ఉద్యోగులకు రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టులాంటిది నోటితోనే వినిపించేవారు. గంధం సబ్బు: నడవడిక మంచిది, చురుకు తక్కువ. నిమ్మవాసన క్రీము: ఉత్సాహం జాస్తి, నిలకడ లేదు. పుదీనా సబ్బు: చేరిన కొత్తలో బాగుంది, తర్వాత కళ్ళు మండిస్తోంది, బదిలీకి సిఫార్సు. బదిలీ అయిన సబ్బు మా ఆయన బాత్‌రూమ్‌కి వచ్చేది. మా ఆయన గడ్డం పెంచుకునే మనిషి కనుక అది అక్కడే ఎండి పగిలిపోయేది.

ఇంత వైభోగమూ వారంలో అన్ని రోజులూ సాగేది కాదు. మంగళవారం, శుక్రవారం క్షవరం పనికిరాదని అత్తగారి పట్టు. పక్క ఫ్లాటు ఆంటీ ఒకసారి లిఫ్టులో, మా వైపు గురువారం, శనివారం కూడా చేసుకోరు దీదీ అని చెప్పి వెళ్ళింది. అత్తగారు దాని గురించి ఆలోచించడం మొదలుపెట్టారు. మామగారు గాభరాపడి, ఇద్దరి మాటా వింటే నేను సన్యాసం పుచ్చుకోవడం నయం, గడ్డానికి వారం తెలియదే పిచ్చిదానా అన్నారు. చివరికి మన వారాలు మనకి, వాళ్ళ వారాలు వాళ్ళకి అని రాజీ కుదిరింది. మంగళ, శుక్రవారాల్లో ఆయన అద్దం వైపు చూడకుండా పేపరు చదువుకునేవారు.

గడ్డం అయిన రోజున ఇంకో తతంగం ఉండేది. తువ్వాలుతో ముఖం అద్దుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చి, గడ్డం కాస్త పైకెత్తి నిలబడేవారు. అత్తగారు పొయ్యి మీద ఉప్మా కలుపుతూ, తల తిప్పకుండానే, “ఆఁ, బానే ఉంది,” అనేవారు. ఆయన తృప్తిగా వెళ్ళిపోయేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకిది భలే నవ్వొచ్చేది. చూడకుండా చెప్పే మాటకి అంత దూరం నడిచి రావడం ఎందుకని మా ఆయన్ని అడిగితే, నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇంతే అన్నాడు.

నా గురించీ ఒక మాట చెప్పాలి. నేను పుట్టు భయస్తురాలిని. గ్యాసు కట్టానా లేదా అని మెట్రో స్టేషను నుంచి వెనక్కి వచ్చే రకం. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగు నా ఉద్యోగం. ఏది ఎక్కడ పాడవుతుందో ముందే ఊహించుకుని భయపడటానికి వాళ్ళు నాకు జీతమిస్తారు. ఇంట్లో మాత్రం అదే పని ఉచితంగా చేస్తానని మా ఆయన ఎగతాళి.

మామగారికి గుండెలో కవాటం మార్చాల్సి వచ్చింది. ఆపరేషను బాగానే జరిగింది. కానీ ఇక జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మందు వాడాలన్నారు. ఆ మందు వేసుకునే మనిషికి చిన్న గీత పడినా రక్తం ఒక పట్టాన ఆగదని డాక్టరు చెప్పినప్పుడు, నేను మొట్టమొదట తలుచుకున్నది బాల్కనీలో ఉన్న డైరెక్టరుగారిని. దానికి తోడు ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. కప్పు పట్టుకుంటే సాసరు చప్పుడయ్యేది. పొద్దున్నే నేను లాప్‌టాప్ ముందు కూర్చుని, చెవులు బాల్కనీకి అప్పగించేదాన్ని. చెంబు అంచుకి రేజరు కొట్టి దులిపే చప్పుడు వినిపిస్తే ఒక గండం గడిచినట్టు. కాసేపు వినిపించకపోతే లేచి వెళ్ళి తొంగిచూసేదాన్ని.

భయపడినంతా అయింది. ఒకరోజు నేను మీటింగులో ఉండగా, ఆయన గొంతు మామూలుగానే, “అమ్మాయ్, ఓ తువ్వాలు పట్రా,” అంది. వెళ్ళి చూద్దును కదా, నురగ ఎర్రగా ఉంది, బనీను ఎర్రగా ఉంది. ఎడమ దవడ కింద తెగింది. పటిక అద్దాం, మంచుగడ్డ పెట్టాం, ఆగలేదు. కారులో నేను తువ్వాలు అదిమి పట్టుకుని కూర్చుంటే, సీటు పాడవుతుందేమో చూడమ్మా అని ఆయన నాకు జాగ్రత్తలు చెప్పారు. ఆసుపత్రిలో కట్టు కట్టి, కుట్లు వేసి, సాయంత్రందాకా ఉంచి పంపారు. ఇకమీద కరెంటు మిషనే వాడండి అన్నారు. ఆ రోజే మా ఆయన రేజర్ల డబ్బా మొత్తం అటక మీదకి ఎక్కించేశాడు.

మా ఆయన తన ట్రిమ్మరు తెచ్చి రెండు మూడుసార్లు చేశాడు. ముదిమికి వదులైన చర్మం కదా, ఒక చోట లాగేసేది, ఒక చోట వదిలేసేది. మెడంతా దద్దుర్లు వచ్చాయి. గొర్రెకి ఉన్ని తీసినట్టుందిరా, వదిలెయ్ అన్నారు మామగారు. వదిలేశాం. తెల్లటి గడ్డం పెరిగింది. చూడవచ్చినవాళ్ళు ఋషిలా ఉన్నారన్నారు. ఆయన మాత్రం పార్కులో పెన్షనరు మిత్రుల దగ్గరికి వెళ్ళడం మానేశారు. వీడియో కాల్ వస్తే ఫోను అత్తగారి వైపు తిప్పేసేవారు. వంటింటి గడప దగ్గరికి రావడం కూడా మానేశారు. అత్తగారు అప్పుడప్పుడూ ఉప్మా కలుపుతూ కలుపుతూ ఆగి, ఖాళీ గడప వైపు చూడటం నేను గమనించాను. అన్నాళ్ళూ తల తిప్పని మనిషి.

అలా ఉండగా నవంబరు వచ్చింది. పెన్షను తీసుకునేవాళ్ళు తాము బతికే ఉన్నామని ఏటా రుజువు చూపాలి. ఇప్పుడు అది ఫోనులో ముఖం చూపించినా సరిపోతుంది. మా ఆయన ఆదివారం పూట ఆయన్ని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి ఫోను పట్టుకున్నాడు. కళ్ళు ఆర్పమంది, ఆర్పారు. తల తిప్పమంది, తిప్పారు. ముఖం సరిపోలడం లేదంది. వెలుతురు మార్చాం, కళ్ళజోడు తీశాం, గోడ మార్చాం. సరిపోలడం లేదనే అంది. వేలిముద్ర వేయిద్దామంటే ఆయన వేళ్ళ గీతలు ఏనాడో అరిగిపోయాయి. బ్యాంకుకి తీసుకెళ్ళి మనిషిని చూపిద్దాంలే నాన్నా, ఠీక్ హై, టెన్షన్ పడకండి అని మా ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. కానీ అత్తగారి ముఖం పాలిపోయింది. బతికున్న మనిషిని పట్టుకుని లేడంటుందేమిట్రా ఆ ఫోను అని ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళిపోయారు. నేను పైకి నవ్వాను గానీ ఆ మాట నా మనసులోనూ నాటుకుంది. శకునాలు నమ్మనని చెప్పుకునేవాళ్ళకే అవి ఎక్కువ గుర్తుంటాయి.

మామగారు కుర్చీలోంచి లేవలేదు. అందరూ వెళ్ళాక నన్ను పిలిచారు.

“అమ్మాయ్, నీ చెయ్యి వణకదు కదా?”

ఆ ప్రశ్న ఎటు వెళ్తోందో నాకు వెంటనే అర్థమైంది. చెయ్యి వణకదు మామయ్యగారూ, గుండె వణుకుతుంది అన్నాను. గుండెతో ఎవరూ గడ్డం గీయరులే అన్నారు.

ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఏదైనా అయితే రిస్క్ నీ మీద పడుతుంది, నీకెందుకు చెప్పు అన్నాడు మా ఆయన. తనకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, కాబట్టి ఆ పని తన వల్ల కాదని అందరికీ తెలుసు. మామగారి ముఖం మీద చెయ్యి వేస్తావుటే అని మా అమ్మ ఫోనులో గొణిగింది. మంగలిని పిలిపించుకుందామంటే, కొత్త చెయ్యి, హడావుడి, అది ఇంకా భయం. డాక్టరునే అడిగాను. మిషనే మంచిది, తప్పదంటే ప్రతిసారీ కొత్త బ్లేడు, తొందరపడకండి, పటిక చేతికి అందేలా పెట్టుకోండి అన్నాడు. అనుమతి ఇచ్చాడో, తప్పించుకున్నాడో నాకు తెలియలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గడ్డంతో ఆయన రోజురోజుకీ కుంచించుకుపోతున్నారు. అది చూస్తూ ఊరుకోవడం కూడా నాకు భయంగానే ఉంది.

అటక మీది ఆఫీసులో నా చేతికి పనికొచ్చేవాడు ఒక్కడూ లేడని ఆయనే తేల్చారు. ఇద్దరం మెట్రో ఎక్కి పాతఢిల్లీ వెళ్ళాం. గడ్డం కనిపించకుండా ఆయన మాస్కు పెట్టుకున్నారు. సదర్ బజారు సందులో క్షవర సామాన్లు అమ్మే దుకాణంలో ఆయనకి మళ్ళీ కళ వచ్చింది. ఒక్కో రేజరు తల వెలుతురుకి పెట్టి, బ్లేడు ఎంత బయటికి వస్తుందో కళ్ళు చికిలించి చూసి పక్కన పెట్టేవారు. దుకాణదారు చివరికి ఒక పొట్టి రేజరు తీసి, “బాబూజీ, యే సబ్‌సే నరమ్ హై,” అన్నాడు. అన్నిట్లోకీ మెత్తనిదట. మామగారు దాన్ని నా అరచేతిలో పెట్టి బరువు చూడమన్నారు.

“ఇది ఎల్డీసీ అమ్మా. ఎవరికీ హాని చెయ్యదు. పని కాస్త నెమ్మది. నేనూ అక్కడ మొదలైనవాణ్ణే.”

బ్రష్షు మెత్తటిది కొన్నాం. సబ్బు దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు. నాకు వాసన చూపించి ఎంచుకోమన్నారు. నీ భయం తగ్గించే వాసన ఏదో చూసుకో అన్నారు. వట్టివేరు సబ్బు తీసుకున్నాను. వేసవిలో కూలర్ల గడ్డి మీద నీళ్ళు పడ్డప్పటి వాసన అది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సబ్బు ఎంచుకునే హక్కు మా ఆయనకి దక్కలేదు.

నేర్చుకోవడం బెలూన్ల మీద. మా మేనకోడలి పుట్టినరోజుకి మిగిలినవి ఊది, నురగ పూసి, బాల్కనీలో కూర్చుని గీసేదాన్ని. మొదటిది ఢామ్మని పేలింది. ముఖమంతా నురగతో నేను బిక్కచచ్చి కూర్చుంటే, హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది.

“ఏమ్మా, పోయానా?”

అత్తగారు వంటింట్లోంచి అవేం మాటలండీ అని కసిరారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ వారంలో ఆయన చాలాసార్లు పోయారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన పాఠాలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. నీళ్ళు చేసే పని బ్లేడుకి అప్పగించకు, ముందు వేడి తువ్వాలు వేసి గడ్డం బాగా నాననియ్యి. బరువు రేజరులోనే ఉంది, నీది చేర్చకు. పెద్ద గీత గీయాలని ఆశపడకు, చిన్న గీతలే గీయి. ఆఫీసు పనిలోనూ నాకివి ఉపయోగపడ్డాయంటే నమ్ముతారో లేదో.

బెలూను పేలడం మానేసిన బుధవారం నాడు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. బ్లేడు ముఖం మీద ఉన్నప్పుడు మాట్లాడకూడదు కాబట్టి ఒక ఏర్పాటు చేసుకున్నాం. కుర్చీ చేతి మీద వేలితో ఒకసారి కొడితే ఆగమని, రెండుసార్లు కొడితే కానివ్వమని. వేడి తువ్వాలు తీసి నురగ పూశాను. రేజరు చెంప దాకా తెచ్చి ఆగిపోయాను. చర్మం కింద నరం కొట్టుకోవడం నా వేలికి తెలుస్తోంది. అందులో పారేదంతా ఆగని రక్తమే కదా అనిపించింది. ఆయన ఒక కన్ను తెరిచి నన్ను చూశారు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?”

ఆ మాట నేను పుట్టింట్లో సవాలక్షసార్లు విన్నాను. ఆ రోజు విన్నంత సరిగ్గా ఎప్పుడూ వినలేదు. కుర్చీ చేతి మీద వేలు రెండుసార్లు కొట్టింది. కానిచ్చాను.

ఎడమ దవడ కింద పాతగాయం మచ్చ ఉబ్బెత్తుగా ఉండేది. దాని జోలికి పోకుండా చుట్టూ తిరిగి వచ్చేశాను. అక్కడ నాలుగు వెంట్రుకలు మిగిలిపోయాయి. అద్దంలో చూసుకుని, వాటిని పెండింగులో పెట్టు, తర్వాత చూద్దాం అన్నారు. తువ్వాలుతో ముఖం అద్దుకుని, లేచి, నెమ్మదిగా వంటింటి గడప దగ్గరికి నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను. అత్తగారు ఆ రోజూ తల తిప్పలేదు. “ఆఁ, బానే ఉంది,” అన్నారు. గరిటె పట్టుకున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఫోను ఆయన ముఖాన్ని మొదటిసారికే ఒప్పుకుంది. సర్కారు దృష్టిలో బతికిపోయాను, నీ చలవే అన్నారు.

ఆ తర్వాత ఏడాది దాటి అది మా ఇద్దరి పని అయింది. ఆఫీసు కాల్ మొదలయ్యేలోపు, మంగళ, శుక్రవారాలు మినహాయించి. భయం పోయిందని అబద్ధం చెప్పను. ప్రతిసారీ మొదటి గీతకి ముందు ఊపిరి బిగబట్టేదాన్ని. రెండుసార్లు సన్నగా తెగింది. పటిక అదిమిపెట్టి, ఎర్రచుక్క ఊరడం ఆగేదాకా నేను కదల్లేదు, ఆయన కదల్లేదు. ఆ వ్యవధిలో ఆయన నాకు పాత కబుర్లు చెప్పేవారు. కొత్తగా ఢిల్లీ వచ్చినప్పుడు హిందీ రాక, సెలూనులో తల ఊపినందుకు మీసం కూడా తీసేయించుకున్న కథ అలాంటప్పుడే విన్నాను. నా భయాన్ని ఆయన ఎప్పుడూ తీసిపారేయలేదు. భయం ఉన్న చెయ్యే నాకు కావాలమ్మా అనేవారు. ఇంత వయసొచ్చాక నా భయాన్ని ఎవరైనా ఒక అర్హతగా లెక్కపెట్టడం అదే మొదటిసారి. ఆ ఒక్క మాటకి ఆయనకి నేను ఎంత ఋణపడ్డానో చెప్పలేను.

ఈ చలికాలం ఆయనకి బాగోలేదు. గాలి విషంలా ఉండటంతో కిటికీలు మూసేసి, అద్దం హాల్లోకి మార్చాం. సోమవారం గడ్డం చేశాను. మంగళవారం పనికిరాదు. బుధవారం జ్వరం వచ్చింది. గురువారం సాయంత్రం కాస్త తేరుకుని, చెంప తడుముకుంటూ, “రేపు చేస్తావా?” అన్నారు. రేపు శుక్రవారం మామయ్యగారూ అన్నాను. అవును కదూ, సరే, ఎల్లుండి చేద్దువుగాని అని దుప్పటి పైకి లాక్కున్నారు. నాతో ఆయన చివరి మాట అదే.

శుక్రవారం మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. దక్షిణం వైపు తల పెట్టి పడుకోబెట్టారు. పురోహితుడు వచ్చి స్నానం చేయించాలన్నారు. మా ఆయన ఏడ్చి ఏడ్చి కూలబడిపోయాడు. అత్తగారు అప్పటిదాకా ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. ఆయన తల దగ్గర కూర్చుని ముఖంకేసే చూస్తున్నారు. ఎప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళారో నేను చూడలేదు. ఇత్తడి చెంబు కొంగుతో పట్టుకుని వచ్చారు. పొగలు కక్కుతోంది.

“అమ్మాయ్, నీళ్ళు కాచాను. రేజరు తీసుకురా.”

నోయిడా నుంచి వచ్చిన మా ఆయన పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇవాళ శుక్రవారం కదా అక్కయ్యా అంది. గదిలో అందరూ పురోహితుడి వైపు చూశారు. అత్తగారు ఎవరి వైపూ చూడలేదు.

“శుక్రవారం వద్దన్నది నేను. ఇవాళ చెయ్యమంటున్నదీ నేనే. ఆయన గడ్డంతో గడప దాటరు.”

కానివ్వండమ్మా అన్నారు పురోహితుడు.

వేడి తువ్వాలు వేశాను. నీళ్ళు చేసే పని నీళ్ళనే చెయ్యనిచ్చాను. దవడకు కట్టిన గుడ్డ కాస్త జరిపి, వట్టివేరు సబ్బు నురగ పూశాను. కొత్త బ్లేడు వేశాను. పటిక పక్కనే పెట్టుకున్నాను. ఆ ఏడాదంతా వణకని నా చెయ్యి ఆవేళ వణికింది. భయపడటానికి ఇక ఏమీ మిగలలేదని నాకు తెలుసు. చేతికి ఆ సంగతి తెలియలేదు. అలవాటు కొద్దీ మొదటి గీతకి ముందు ఆయన వేలి వైపు చూశాను. కాసేపు చూసి, మొదలుపెట్టాను. కుడి చెంప, పై పెదవి, చుబుకం, మెడ. ఎప్పటిలాగే చిన్న చిన్న గీతలు. చెంబు అంచుకి రేజరు దులిపే చప్పుడే వినిపిస్తోంది.

చివరికి మచ్చ దగ్గరికి వచ్చాను. పెండింగులో పెట్టిన నాలుగు వెంట్రుకలు. ఎప్పుడూ వదిలేసేదాన్ని, ఆవేళ వదలబుద్ధి కాలేదు. చర్మం సాగదీసి బ్లేడు ఆనించాను. అంచు మచ్చకి తగిలి సన్నగా తెగింది. తెగితే వేళ్ళకి తెలుస్తుంది. ఒక్క ఉదుటున పటిక అందుకుని, తడిపి, తెగిన చోటి దాకా తీసుకెళ్ళి ఆగాను. ఎర్రచుక్క పైకి ఊరడానికి ఎంతసేపు పడుతుందో నాకు బాగా తెలుసు. అంతసేపూ చూశాను. ఇంకాసేపు చూశాను. రాలేదు.

అత్తగారు ముందుకి వంగి, వేళ్ళ వెనకవైపుతో ఆయన చెంప మీద కింది నుంచి పైకి నిమిరారు. అంతమందిలో ఆవిడ ఆయన్ని ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ముఖంలోకి చూస్తూ, “ఆఁ, బానే ఉంది,” అన్నారు.

నేను ఇంకా పటిక పట్టుకునే ఉన్నాను.